తుఫాను తర్వాత మళ్ళీ కట్టుకుంటే ఊరు నిజంగా బాగుపడతాదా? (మా బావతో గొడవ)

గోపాలపట్నం_గుంటడు

అందరికీ నమస్తే. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి అక్కావాళ్ళింటికి వెళ్ళాను, భోజనాలయ్యాక మా బావకీ నాకూ మొదలైన గొడవ ఇంకా ఫ్యామిలీ వాట్సాప్‌లో నడుస్తానే ఉంది, అక్కడ తేలేలా లేదు అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా బావకి శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కన సిమెంటు, ఐరన్, రేకుల షాపు. 2018లో తిత్లీ తుఫాను వచ్చింది కదా, ఆ తర్వాత ఏడాది ఆయన జీవితంలో ఎప్పుడూ చూడని బేరం చూశాడంట. పొద్దున్న లారీ రేకులు దిగితే సాయంత్రానికి ఖాళీ. మేస్త్రీలకి రేటు పెరిగింది, ట్రాక్టరు వాళ్ళకి పని దొరికింది, కరెంటోళ్ళు కొత్త స్తంభాలు వేశారు, పెంకుటిళ్ళు పోయి శ్లాబు ఇళ్ళు వచ్చాయి. "తిత్లీ రాకపోతే ఈ షాపు మీద రెండో అంతస్తు లేదురా, పాతది పోతేనే కొత్తది వస్తాది, కొత్తది వస్తేనే పని ఎక్కువ జరుగుతాది" అంటాడు. జపాన్ కూడా అలాగే పైకొచ్చిందని యూట్యూబ్‌లో చూశాడంట, ఇంక ఆపలేం.

నాకేమో అది ఎక్కడో తప్పనిపిస్తుంది గానీ ఎక్కడో చెప్పలేకపోతున్నా. మా అమ్మ పుట్టింటి తోటలో 80 కొబ్బరి చెట్లుండేవి, ఇప్పుడు 11. అది చెప్తే "అది మీ తోట రా, నేను జిల్లా గురించి చెప్తున్నా" అంటాడు. మరి జిల్లా మొత్తానికి చూస్తే మళ్ళీ కట్టుకోవడం వల్ల ఉత్పత్తి పెరుగుతుందా తగ్గుతుందా? ఎక్కడైనా నిజంగా పెరిగిందా? లెక్కలు తెలిసినోళ్ళు, చూసినోళ్ళు చెప్పండి. ప్రకృతి ప్రకోపం టైపు ఉపన్యాసాలు వద్దు ప్లీజ్.

పాత_స్కూటరు

మీ బావకి ఒక దండం. అలాగైతే ప్రతి అక్టోబరులో మనమే నాలుగు పొక్లెయిన్లు మాట్లాడుకుని ఊరు కూల్చుకుంటే సరిపోద్ది, తుఫాను దాకా ఆగడం ఎందుకు

డిగ్రీ_కాలేజీ_సారు

పై కామెంట్ జోకులా ఉంది గానీ అసలు పాయింటు అదే. ఎకనామిక్స్ చెప్పుకుని బతుకుతున్నా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, భరించండి.

జీడీపీ అంటే ఆ ఏడాది ఎంత తయారైంది, ఎంత పని జరిగింది అనే లెక్క. మన దగ్గర ఏముంది అనే లెక్క కాదు. ఇంటి పైకప్పు ఎగిరిపోతే ఆ లెక్కలో ఎక్కడా మైనస్ పడదు, కొత్త రేకు వేస్తే మాత్రం ప్లస్ పడుతుంది. అందుకే తుఫాను తర్వాతి ఏడాది అంకెలు చూస్తే ఒక్కోసారి బాగానే కనిపిస్తాయి, మీ బావ చూసింది కళ్ళతో చూసిందే, అబద్ధం కాదు. కానీ ఆ రేకులు కొన్న డబ్బు ఎక్కడిది? ఒకడు కూతురి చదువుకి దాచింది తీశాడు, ఇంకొకడు బోరు వేద్దామనుకున్నది మానుకున్నాడు, మూడోవాడు అప్పు చేశాడు. వేయని బోరు మీ బావకి కనపడదు, అమ్మిన రేకు కనపడుతుంది.

ఇంకోటి, రేకు జిల్లాలో తయారవదు, సిమెంటు బయటిది, ఐరన్ బయటిది. జిల్లాలోకి వచ్చిన సాయం డబ్బులో చాలా భాగం లారీ ఎక్కి మళ్ళీ బయటికే పోతుంది, మిగిలేది డీలరు మార్జిను, మేస్త్రీ కూలి.

పరిశోధనలు కూడా రెండు రకాలుగా ఉన్నాయి, అది దాచను. 2002లో వచ్చిన ఒక అధ్యయనం అయితే తుఫాన్లు ఎక్కువ తగిలే దేశాల్లో పెరుగుదల కాస్త ఎక్కువుందని చెప్పింది, పాత యంత్రాలు పోయి కొత్తవి వస్తాయి కాబట్టి అని వివరణ, మీ బావ వాదనే అది. 2014లో ఇంకో ఇద్దరు 1950 నుంచి 2008 దాకా ప్రపంచంలో వచ్చిన సుమారు 6,700 తుఫాన్లని ముందేసుకుని చూస్తే ఇరవై ఏళ్ళు గడిచినా ఆదాయం పాత దారికి చేరలేదని తేలింది. నేనైతే రెండోదాన్నే నమ్ముతా.

ఒక హెచ్చరిక, ఎవరైనా తలసరి ఆదాయం పెరిగింది చూడండి అని అంకె చూపిస్తే వెంటనే ఒప్పుకోకండి. ఉత్పత్తి కొంచెం తగ్గి, మనుషులు ఇంకా ఎక్కువ మంది ఊరొదిలి వెళ్ళిపోతే తలసరి లెక్క పెరిగినట్టే కనిపిస్తుంది!

కంచిలి_కొబ్బరి

బాబూ నేను ఉద్దానం రైతుని, కంచిలి దగ్గర. ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేసుకుంటున్నాది, తప్పులుంటే సర్దుకోండి.

సారు చెప్పింది లెక్క. నేను తోట చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటినాది. మేం గోడకి ఆనుకుని కూకున్నాం. వెలుతురొచ్చాక తోటలోకి ఎల్దామంటే దారే లేదు, చెట్టు మీద చెట్టు, అడ్డంగా. మాది మూడెకరాలు, 170 చెట్లు, 22 నిలబడ్డాయి. నిలబడ్డాయి అంటే బాగున్నాయి అని కాదు. గాలికి మొవ్వు, అంటే చెట్టు నెత్తిన లేత చిగురు, తిరిగిపోయి వుంటాది, పైకి పచ్చగానే కనిపిస్తాది, ఆరు నెల్లకి ఎండిపోతాది. అలాగ ఎనిమిది పోనాయి. ఉన్నవాటికి పిందె మొత్తం రాలిపోనాది, ఆ ఏడాది కాపు లేదు సరే, మరుసటి ఏడాది కూడా లేదు. ఎందుకయ్యా అంటే హార్టికల్చరు ఆయన చెప్పాడు, ఈ రోజు బయటికొచ్చే గెల రెండున్నరేళ్ళ ముందే మొవ్వులోపల మొదలవుతాదంట. అంటే దెబ్బ తగిలిన రోజు కడుపులో ఉన్నవి కూడా దెబ్బతిన్నాయన్నమాట.

పడిపోయిన చెట్లు తియ్యాల. తియ్యకపోతే మాను కుళ్ళి దాంట్లో కొమ్ము పురుగు గుడ్లు పెడతాది, అది బతికున్న చెట్ల మొవ్వు తింటాది, దాని ఎనకాల ఎర్ర ముక్కు పురుగు వస్తాది. రంపం మిషన్ల వోళ్ళు బయట జిల్లాల్నించి వచ్చారు, చెట్టు కొయ్యడానికి ఒక రేటు, ముక్కలు బయటికి లాగడానికి ఒక రేటు. మాను కొనే నాథుడు లేడు, ఆఖరికి ఇటుక బట్టీవోళ్ళని బతిమాలి ఊరికినే ఎత్తుకెళ్ళమన్నాం. వోళ్ళు అదీ ఆలోచిస్తామన్నారు.

పరిహారం చెట్టుకి 1,500 ఇచ్చారు, 2019లో కొత్త ప్రభుత్వం వచ్చాక దాన్ని 3,000 చేస్తామన్నారు. తప్పు పట్టను, ఎవరి శక్తి వోళ్ళది. కానీ లెక్క చూడండి, నాటు రకం మొక్క ఏస్తే కాపుకి ఆరేడేళ్ళు, నిండు కాపుకి పదేళ్ళు దాటిపోతాది. చెట్టుకి ఏడాదికి 80 కాయలు, కాయకి పది రూపాయలు వేసుకున్నా ఎనిమిది వందలు, ఏడేళ్ళకి 5,600. ఒక్క చెట్టుకి. మధ్యలో తుఫాను ముందు తెచ్చిన అప్పుల వడ్డీలు మామూలే.

మీ బావ షాపులో రేకు ఎంతసేపట్లో దొరుకుతాది? గంట. ఇల్లు ఎన్నాళ్ళకి లేస్తాది? ఆరు నెల్లు. చెట్టుకి ఏడేళ్ళు. ఏడేళ్ళు ఇంట్లో కూకోడానికి ఎవడికీ కుదరదు కదా. మాకు కొబ్బరి చెట్టంటే పెద్దకొడుకుతో సమానం అంటారు, పెద్దకొడుకు పడిపోతే అసలు కొడుకులు రైలెక్కేసారు. మావోడు ఒకడు హైదరాబాదు, ఒకడు చెన్నై. మా జిల్లా తేలినీలాపురానికి వలస పక్షులు ఏటా టైముకి వస్తాయి, మా కుర్రోళ్ళు సంక్రాంతికి కూడా రారు.

ఎంవీపీ_ఎలక్ట్రికల్స్

కంచిలి మావయ్యా, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. కానీ నేను బావగారి పక్షాన ఒక్క మాట మాట్లాడాలి, వైజాగ్ వాడిని.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఎయిర్‌పోర్టు పైకప్పే ఎగిరిపోయింది, మా వీధికి వారం దాటినా కరెంటు లేదు, జనరేటర్ దగ్గర ఫోన్ ఛార్జింగ్‌కి డబ్బులు తీసుకునేవాళ్ళు. అయినా ఊరు ఎంత తొందరగా లేచిందో అందరూ చూశారు. పడిపోయిన వీధి దీపాల చోట ఎల్‌ఈడీలు వచ్చాయి, మున్సిపాలిటీకి కరెంటు బిల్లు తగ్గింది. 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, అందులోంచే సిటీలో కొంత మేర వైర్లు భూమిలోకి వెళ్ళాయి. నేను ఆ పనుల్లో సబ్ కాంట్రాక్టులు చేశా కాబట్టి చెప్తున్నా, స్తంభం పడితే స్తంభమే పాతడం వేరు, మళ్ళీ పడకుండా కేబుల్ భూమిలో వేయడం వేరు. మొదటిదాంట్లో ఊరు పాత చోటికి వస్తుంది అంతే, రెండోదాంట్లో మాత్రం వచ్చే తుఫానుకి షాపులు, ఫ్యాక్టరీలు ఆగే రోజులు తగ్గుతాయి. ఖర్చు చాలా ఎక్కువ అది వేరే సంగతి, రోడ్డు తవ్వి పూడ్చక జనం తిట్టిన తిట్లు ఇంకా వేరే సంగతి.

అయితే ఒకటి ఒప్పుకుంటా. వైజాగ్‌కి పోర్టు ఉంది, నేవీ ఉంది, స్టీల్ ప్లాంటు ఉంది, అవి తుఫానుకి ఊరొదిలి పోవు. అదే హుద్‌హుద్‌కి అరకు, పాడేరు వైపు సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ తోటల మీద పడ్డాయి. కాఫీకి నీడ కావాలి, నీడ చెట్టు షాపులో దొరకదు. కింద బీచ్ రోడ్డు మెరిసిపోతుంటే పైన కొండ మీద ఇంకా మొక్కలు నాటుకుంటున్నారు. అంటే అప్పటికి ఒకే జిల్లా, ఒకే తుఫాను, రెండు స్పీడులు.

ముంద్రా_రిటర్న్

నిజంగా పెరిగిన చోటు కావాలంటే గుజరాత్‌లో కచ్. నేను ఆరేళ్ళు అటు పోర్టు పనుల్లో ఉన్నా. 2001 జనవరి 26 భూకంపంలో భుజ్, అంజార్, భచావ్ నేలమట్టం. ఇప్పుడు వెళ్ళి చూస్తే హైవే పొడుగునా ఫ్యాక్టరీలే. అందరూ "చూడు భూకంపం తర్వాత ఎలా కట్టుకున్నారో" అంటారు గానీ ఇళ్ళు కట్టుకోవడం వల్ల ఫ్యాక్టరీలు రాలేదు. ఆ ఏడాదే కేంద్రం అక్కడ కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకి ఐదేళ్ళు ఎక్సైజ్ సుంకం మాఫీ ఇచ్చింది, దానికి పరిగెత్తుకొచ్చారు. పైగా కాండ్లా పోర్టు ఎప్పటినుంచో ఉంది, ముంద్రా పోర్టు కూడా భూకంపానికి ముందే మొదలైంది. ఈ మూడూ కలిసొచ్చాయి. సుంకం మాఫీ వల్ల వేరే జిల్లాకి పోవాల్సిన ఫ్యాక్టరీ ఇక్కడికి వచ్చిందా, దేశానికి అదనంగా వచ్చిందా అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు, అడగొద్దు 😄

బావగారి జపాన్ గురించి కూడా ఒక ముక్క. కోబే పోర్టు 1995 భూకంపానికి ముందు కంటైనర్లలో ప్రపంచంలో మొదటి పది పోర్టుల్లో ఒకటి. రెండేళ్ళలో మొత్తం బాగుచేసేశారు, జపానోళ్ళ పని తెలిసిందేగా, అంతా కొత్తది, నీటు. కానీ ఆ రెండేళ్ళు ఓడలు ఆగవు కదా, కొరియాలో బూసాన్‌కి, తైవాన్‌లో కావోషియుంగ్‌కి అలవాటు పడ్డాయి. క్రేన్లు వచ్చాయి, ఓడలు రాలేదు. ఇది పోర్టులో పనిచేసే ప్రతివాడికీ తెలిసిన కథ.

సింగ్‌నగర్_మిషన్‌వర్క్

ముంద్రా అన్న చెప్పిన ఓడల కథే నాది, సైజు చిన్నది అంతే.

విజయవాడ సింగ్‌నగర్‌లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యూనిట్ మాది, బ్లౌజుల మీద వర్క్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు వచ్చినయ్, మా సందులో చానా రోజులు కదల్లేదు. నీళ్ళు తీశాక షట్టర్ ఎత్తితే మిషన్ మీద బురద పెరుగన్నంలాగా పేరుకుని ఉంది. బోర్డు పోయింది, మోటార్లు పోయినయ్, దసరా ఆర్డర్ల బ్లౌజులు 140 దాకా బురదలో. ఇంటికి ప్రభుత్వం 25,000 ఇచ్చింది, కింది అంతస్తు కదా మాది, కాదనను. కానీ మిషన్ లోను ఈఎంఐ మాత్రం నీళ్ళలో మునగలేదు, టంచనుగా ఐదో తారీఖున కట్ అయింది. రెండో మిషన్‌కి రెండో లోను. అంటే ఇప్పుడు నా దగ్గర ఉన్నది ముందున్నంత మిషనే, కాస్త కొత్తది, నిమిషానికి కుట్లు ఎక్కువే వేస్తది, మరి దాన్ని చూసి ప్రొడక్టివిటీ పెరిగింది అంటారా? పని ఏదీ? దసరాకి నేను మూసేసి ఉంటే బొటిక్ వాళ్ళు వేరే యూనిట్‌కి ఇచ్చారు, వాళ్ళ తప్పేం లేదు పెళ్ళికూతురు ఆగదు కదా, ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. ఇద్దరు బెంగాలీ కుర్రాళ్ళు ఉండేవాళ్ళు మంచి పనోళ్ళు, నీళ్ళకి భయపడి వెళ్ళినోళ్ళు సూరత్‌లో సెటిల్ అయ్యారు.

నాకు కావాల్సింది 25 వేలు కాదండీ, ఆ మూడు నెలలు ఈఎంఐ ఆపి, మొదటి వారంలోనే మిషన్ బాగుచేయించే డబ్బు చేతిలో పెట్టి ఉంటే దసరా కాకపోయినా కార్తీకమాసం పెళ్ళిళ్ళు దక్కేవి. ఆలస్యంగా వచ్చిన రూపాయి సగం రూపాయే.

సిమెంటు_బావ

నేనే ఆ బావని. మా బామ్మర్ది లింకు పంపాడు, అకౌంటు ఓపెన్ చేయక తప్పలేదు. నన్ను అందరూ కలిసి బాగానే ఆడుకున్నారు, పొక్లెయిన్ మాట అన్నాయన ఎవరో గానీ షాపుకి రండి టీ ఇప్పిస్తా.

చూడండి, నేను చెప్పింది నా గల్లాపెట్టె చూసి. 2018 నవంబరు నించి 2019 చివరిదాకా బేరం బేరమే. కానీ కంచిలి రైతుగారి పోస్టు చదివాక రాత్రి ఊరికే ఉండలేక పాత అప్పుల పుస్తకం తీశాను. మా దగ్గర బేరం సగం అరువు మీదే, పంటకి కడతాం అంటారు, ఎప్పట్నించో అలవాటు. తిత్లీ ఏడాది రాసిన పేర్లలో జీడి ఫ్యాక్టరీల వోళ్ళవి, ఉద్యోగస్తులవి, దుబాయ్‌లో పిల్లలున్నోళ్ళవి కొట్టేసి ఉన్నాయి, కట్టేసారు. ఫ్యాక్టరీకి లోకల్ పిక్క లేకపోయినా ఆఫ్రికా పిక్క తెచ్చుకుని నడిపేస్తారు, కరెంటు వచ్చేదాకానే ఆగారు. ఇంక కొట్టెయ్యని పేర్లు చూస్తే వరుసగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. తోటలోళ్ళు. పంట ఏడేళ్ళదాకా లేదు, ఇంక పంటకి కడతాం అంటే ఏటి. కొన్ని నేనే వదిలేసాను, కొన్ని అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాను.

ఇంకోటి గమనించాను, 2021కి వచ్చేసరికి నా అమ్మకాలు తుఫాను ముందుకంటే తగ్గినాయి. కరోనా అనుకున్నాను అప్పుడు. కరోనా ఉంది నిజమే. కానీ కట్టుకోవాల్సినోళ్ళందరూ ఒక్కసారే కట్టేసుకున్నారు, మిగతావోళ్ళు హైదరాబాదులో అద్దెకున్నారు, కొత్తగా ఎవడు కడతాడు?

అయినా ఒక మాట వెనక్కి తీసుకోను. ఇప్పుడు మా వైపు శ్లాబు ఇల్లున్నోడు తుఫాను వస్తే స్కూలుకి పరిగెత్తక్కర్లేదు, బియ్యం తడవవు, మూడో రోజు పనికి వెళ్తాడు. పెంకుటింట్లో ఉన్నోడు నెల రోజులు ఇల్లు సర్దుకుంటూ కూర్చునేవాడు. అది లాభం కాదా? సారుగారు చెప్పాలి.

డిగ్రీ_కాలేజీ_సారు

బావగారూ, లాభమే, నూటికి నూరు పాళ్ళు. కాకపోతే ఆ శ్లాబు తుఫానుకి ముందే వేసి ఉంటే ఇల్లూ ఉండేది, పోయిన సామానూ ఉండేది. మీ అప్పుల పుస్తకం మాత్రం దాచిపెట్టండి, మా కాలేజీలో ప్రాజెక్టు చేసే పిల్లలు ఎవరైనా వస్తే పేర్లు తీసేసి ఇద్దురు గాని, జిల్లాలో ఎవరు లేచారు ఎవరు లేవలేదు అన్నది దానికంటే బాగా ఏ సర్వేలోనూ దొరకదు.

గోపాలపట్నం_గుంటడు

బావ ఇక్కడిదాకా వస్తాడనుకోలేదు 🙏 అక్కకి తెలిస్తే ఇద్దరికీ భోజనం ఉండదు.

కంచిలి మావయ్యా, ఒక్కటి అడగాలి. మా అమ్మ పుట్టింటి తోట అలాగే ఖాళీగా ఉంది, మా మావయ్యలు అమ్మేద్దామంటున్నారు. మీరు మళ్ళీ కొబ్బరే వేశారా? మధ్యలో ఏం వేసి నెట్టుకొచ్చారు?

కంచిలి_కొబ్బరి

ముందు సిమెంటు బాబుకి. నీ పుస్తకంలో నా పేరు లేదు నాయనా, నేను రేకులు సోంపేటలో కొన్నాను, కంగారు పడకు.

అల్లుడూ, కొబ్బరే వేశాను, 2019 వానలకి, 120 మొక్కలు. పక్కోడు హైబ్రిడ్ వేశాడు నాలుగైదేళ్ళకే కాపుకొస్తాదని, నేను నాటువే వేశాను, గాలికి మావే ఆగుతాయని మా నాన్న నమ్మకం, తిత్లీకి ఏవీ ఆగలేదు అది వేరే. మధ్యలో కంద, అరటి, వంకాయ. అరటి రెండుసార్లు గాలికే పోనాది. ఒక ఎకరంలో జీడి వేశాను, అది నాలుగో ఏట నించి కొంచెం కొంచెం పిక్క ఇచ్చినాది, దాంతోనే నెట్టుకొచ్చాను. పెద్దోడు నెలకి పంపింది కూడా ఉన్నాది, అది లెక్కలో రాయకపోతే పాపం. అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, నేను చెప్పను. అమ్మితే రోడ్డు సైడు ముక్క ఏదైనా ఉంటే అది మటుకు చివరన అమ్మండి.

మొన్న మాఘంలో కొన్ని చెట్లు మొదటి గెలలు దింపాయి. చెట్టు ఇంకా పొట్టిదే, నేల మీద నిలబడి చెయ్యెత్తి కోశాను, పదకొండు కాయలు. ఫోటో తీసి చెన్నైలో చిన్నోడికి పెట్టాను. ఇంకో ఐదేళ్ళకి చెట్టు ఎదుగుతాది, నాకు అప్పటికి డెబ్బై దాటతాది, మా ఊళ్ళో చెట్టెక్కి కాయలు దింపేవోళ్ళు ఇద్దరే మిగిలారు వోళ్ళకీ నా వయసే. చిన్నోడు ఫోటోకి బొటనవేలు పెట్టి, కాయ ఇప్పుడు ఎంత ఉంది నాన్నా అని అడిగాడు.